కాస్త ఇది చూసిపెట్టు నాయనా!

అప్పుడు కార్డుముక్క... ఇప్పుడు ఓటీపీ. అప్పుడు పోస్ట్‌మ్యాన్... ఇప్పుడు మనవడు. చేతికొచ్చే వస్తువు మారింది, చదివిపెట్టే మనిషీ మారాడు. అడిగే పెద్దవాళ్లు మాత్రం అలాగే ఉన్నారు. దూరాన ఉన్నవాళ్ల కబురు కోసం, ఇంటి డబ్బు కోసం వాళ్లు ఎవరెవరి మీద ఆధారపడుతూ వచ్చారో చూస్తే... ఇళ్లలో పెద్దరికం చేతులు మారిన కథ తెలుస్తుంది.

‘బాబ్బాబూ, ఇందులో ఏం రాసుందో కాస్త చెప్పు!’

ఈ మాట వినపడని తెలుగు ఇల్లు ఉండదేమో. అరవై ఏళ్ల కిందట ఆ మాటన్న అవ్వ చేతిలో ఉన్నది నీలంరంగు ఇన్‌లాండ్ కవరు. ఇవాళ అంటున్న అమ్మమ్మ చేతిలో ఉన్నది స్మార్ట్‌ఫోను. అవ్వకు చదువు రాదు. అమ్మమ్మ మాత్రం పదో తరగతి పాసై ఉండొచ్చు, టీచరుగా రిటైరై కూడా ఉండొచ్చు. అయినా అడగక తప్పడం లేదు. చదువుకున్నా ఈ అవసరం ఎందుకు తీరలేదు?

అరుగు మీద ఉత్తరం

స్వాతంత్య్రం వచ్చాక మొదటి జనాభా లెక్కలు 1951లో జరిగాయి. అప్పటికి దేశంలో అక్షరాలు వచ్చినవాళ్లు నూటికి 18 మంది. ఆడవాళ్లలో అయితే తొమ్మిది మందే. అయినా ఉత్తరాలు ఆగలేదు. 1879లో మొదలైన పోస్టుకార్డు అప్పటికే మారుమూల పల్లెల దాకా పాకింది. మరి చదువురాని వాళ్లకు ఆ కబుర్లు చేరిందెలా?

పోస్ట్‌మ్యాన్ సైకిలు దిగి కవరు చేతికిస్తే పని సగమే అయినట్టు. ఆయనే అరుగు మీద కూర్చుని, కవరు చింపి, చదివి వినిపించాలి. ఆయనకు తీరిక లేకపోతే బడిపంతులుగారు. ఆయనా లేకపోతే హైస్కూలుకెళ్లే పక్కింటి పిల్లాడు. చదవడం మొదలుపెట్టేసరికి ఇరుగుపొరుగు చేరేవారు. కూతురు నెల తప్పిందన్నా, అల్లుడికి ఉద్యోగం ఖాయమైందన్నా ఇంటివాళ్లతో పాటే వీధికీ తెలిసిపోయేది.

చదువు రాకపోయినా ఉత్తరాన్ని చూసి పోల్చుకునే గుర్తులు కొన్ని ఉండేవి. నాలుగు మూలలా పసుపు ఉంటే శుభవార్త. నల్లసిరాతో రాసి ఉంటే గుండె గుభేలుమనేది. చావు కబురు మోసుకొచ్చిన కార్డును చదివిన వెంటనే చింపేసేవారు, గడప లోపల ఉంచేవారు కాదు. మిగతావన్నీ దూలానికి వేలాడే ఇనుపతీగకు ఎక్కేవి. ఏళ్ల తరబడి వచ్చిన జాబులు ఆ తీగకే ఉండేవి.

జవాబు రాయించడం మరో ముచ్చట. ‘ఉభయ కుశలోపరి’, ‘చిరంజీవి సౌభాగ్యవతి’ లాంటి మర్యాదలన్నీ రాసేవాడే చూసుకునేవాడు. మధ్యలో విషయం మాత్రం అవ్వది. గేదె ఈనిందని రాయాలి... పొలం తగాదా సంగతి మాత్రం రాయొద్దు... పండక్కి తప్పకుండా రమ్మనాలి... ఏది రాయాలో, ఏది దాచాలో ఆవిడే చెప్పేది. రాసేవాడు కళ్లూ చేతులూ అరువిచ్చేవాడు, అంతే. నిర్ణయం పెద్దావిడదే. మూడు తరాల తర్వాత మారింది సరిగ్గా ఇక్కడే.

మనియార్డరు వచ్చినా అంతే. ఫారం అడుగున ఉన్న కాస్త జాగాలో కొడుకు రాసిన రెండు ముక్కలు పోస్ట్‌మ్యానే చదివి చెప్పాలి. సంతకం రాని అమ్మ వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి సంతకం పెట్టేవాడు. డబ్బు ఎంతొచ్చిందో సాక్షికీ తెలిసేది. తల్లికి వచ్చిన సొమ్ములో ఎవరైనా చేయిపెట్టాలంటే ఆ సాక్షికి భయపడాల్సిందే.

ఏడుపు ముందు... వార్త తర్వాత

అర్జెంటు కబురంటే టెలిగ్రామే. పల్లెటూళ్లో టెలిగ్రామ్ వచ్చిందంటే ఏ ఘోరం జరిగిందోనని ముందు ఏడుపు మొదలయ్యేది. తర్వాత చదివించుకునేవారు. తీరా చూస్తే ‘ఇంటర్వ్యూకు రావలెను’ అని ఉండేది! అదేమో ఇంగ్లిషులో ఉండేది కాబట్టి ఊళ్లో ఆ నాలుగు ముక్కలు వచ్చినవాళ్లకు గిరాకీ ఎక్కువ. మన దేశంలో నూట అరవై ఏళ్ల పైబడి నడిచిన ఈ సేవ 2013 జులై 15న ఆగిపోయింది.

ఫోను అప్పట్లో ఏ కొద్దిమంది ఇళ్లకో పరిమితం. పొరుగూరితో మాట్లాడాలంటే ట్రంక్‌కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కాచుకోవాలి. అందులోనూ ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని తరగతులు. తొందర పెరిగేకొద్దీ చార్జీ పెరిగేది. ఆపరేటరు కలిపితేనే మాట. 1960 నవంబరులో కాన్పూరు, లక్నోల మధ్య తొలి ఎస్టీడీ మొదలైంది. ఆపరేటరు అవసరం లేకుండా నేరుగా నంబరు తిప్పే వెసులుబాటు అప్పుడొచ్చింది. అది మన పల్లెల దాకా రావడానికి మాత్రం మరో పాతికేళ్లకు పైనే పట్టింది.

ఈలోగా పక్కింటి ఫోనే దిక్కు. శుభలేఖల మీద, విజిటింగ్ కార్డుల మీద నంబరు వేసి పక్కన ‘పీపీ’ అని అచ్చు వేయించేవారు. ఫోను మాది కాదు, పొరుగువాళ్లది... పిలిస్తే వస్తాం అని అర్థం. ‘మీకు ఫోనొచ్చింది’ అని కేకేస్తే తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగెత్తేవారు. ఇంటివాళ్లంతా చూస్తుండగా నాలుగు ముక్కలు మాట్లాడి, వాళ్లు పోసిన కాఫీ తాగి తిరిగొచ్చేవారు.

మీటరు చూస్తూ మాట

1984లో సీ-డాట్ ఏర్పాటైంది. మన ఎండలకూ దుమ్ముకూ తట్టుకుని, ఏసీ గది అక్కర్లేకుండా పనిచేసే చిన్న ఎక్స్ఛేంజీలను అక్కడి ఇంజినీర్లు తయారుచేశారు. ఆ తర్వాత కొన్నేళ్లకే వీధి మొగల్లో ఎస్టీడీ బూత్‌లు వెలిశాయి. వాటి కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఇవ్వడంతో చాలామందికి అదే జీవనాధారమైంది.

నంబరు చీటీ ఇస్తే బూత్ అబ్బాయే కలిపి రిసీవరు చేతికిచ్చేవాడు. అద్దాల గదిలో మాట్లాడేవాళ్ల కళ్లన్నీ ఎర్రంకెల మీటరు మీదే. రాత్రి పొద్దుపోయాక చార్జీ పావువంతుకు దిగేది కాబట్టి భోజనాలయ్యాక క్యూ మొదలు. హాస్టలు పిల్లలు, కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లు, గల్ఫ్‌లో ఉన్న భర్త ఫోను కోసం చెప్పిన టైముకు వచ్చి కూర్చునే ఇల్లాళ్లు... అందరి కష్టసుఖాలూ బూత్ యజమానికి తెలుసు. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల కుటుంబాల్లో మాటల్ని క్యాసెట్లో రికార్డు చేసి, సెలవుకు వచ్చి తిరిగి వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపడం కూడా ఉండేది. రాయడం రాని తల్లికి ఆ క్యాసెట్టే ఉత్తరం.

పచ్చ మీట... ఎర్ర మీట

1995 జులై 31న మనదేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ మోగింది. కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో ఫోను చేసినా డబ్బే, వచ్చినా డబ్బే. 2003లో ఇన్‌కమింగ్ ఉచితం కావడంతో కథ మారింది. జనాభా లెక్కలే చూడండి... 2001లో దేశంలో ఫోనున్న ఇళ్లు నూటికి తొమ్మిది. 2011 నాటికి 63! పదేళ్లలో ఇంత వేగంగా ఇల్లిల్లూ చేరిన వస్తువులు అరుదు.

ఆ బటన్ ఫోను పెద్దవాళ్లకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. మోగితే పచ్చ మీట నొక్కాలి, అయిపోతే ఎర్ర మీట. నేర్చుకోవాల్సింది అంతే. అక్షరం ముక్క రాని అవ్వ కూడా ‘రెండు నొక్కి పట్టుకుంటే కొడుకు, మూడు నొక్కితే కూతురు’ అని గుర్తుపెట్టుకుంది. పోస్ట్‌మ్యాన్ అక్కర్లేదు, బూత్ అబ్బాయి అక్కర్లేదు. తన కూతురితో తన కష్టం మూడో మనిషి చెవిన పడకుండా చెప్పుకోగలగడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. ఇక మిస్డ్‌కాల్ సంగతి చెప్పేదేముంది? ఒక రింగయితే ‘బస్సెక్కాను’, రెండు రింగులయితే ‘దిగాను’. పైసా ఖర్చు లేని టెలిగ్రామ్!

ఆ స్వేచ్ఛ పట్టుమని పదిహేనేళ్లు కూడా నిలవలేదు.

చేతులు మారిన తాళంచెవి

2016లో మూడు సంగతులు వరసగా జరిగాయి. ఏప్రిల్లో యూపీఐ వచ్చింది. సెప్టెంబరులో జియో రాకతో డేటా కారుచౌకైంది. నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయ్యాయి. ఆ మూడింటి తర్వాత ఫోను మాట్లాడుకునే పరికరంగా మిగల్లేదు. అదే పర్సు, అదే బ్యాంకు, అదే టికెట్ కౌంటరు. మీటలు పోయి అద్దం వచ్చింది. వేలు కాస్త ఎక్కువసేపు ఆనిస్తే ఒకటి, జరిపితే ఇంకొకటి. ఏదో నొక్కబోతే ఇంకేదో అవుతుందన్న భయం. దానికి తోడు బ్యాంకు మెసేజీ ఇంగ్లిషులో.

ఒకప్పుడు ఇనప్పెట్టె తాళం తాతయ్య మొలతాడుకో, నానమ్మ కొంగుకో ఉండేది. పెళ్లి ఖర్చయినా, కాలేజీ ఫీజయినా వాళ్లు తాళం తీస్తేనే. ఇప్పుడు తాతయ్య పింఛను ఖాతాకు యూపీఐ పిన్ పెట్టింది మనవడే, గుర్తుంచుకున్నదీ మనవడే. ‘నా ఖాతాలో ఎంతుందిరా?’ అని సొంత డబ్బు గురించి సొంతింట్లో అడిగి తెలుసుకోవాల్సిన పరిస్థితి. వాడు మంచివాడే, అడిగినవన్నీ చేసిపెడతాడు. కానీ చదువుల వేళో, ఆటల వేళో అడిగితే ‘ఇప్పుడా?’ అంటాడు. ఫోను చేతిలోంచి లాక్కుని, టకటకా నాలుగు నొక్కులు నొక్కి, ‘అయిపోయింది’ అని ఇచ్చేస్తాడు. ఏం చేశాడో చూపించడు. రెండోసారి అడగడానికి పెద్దాయనకు మొహమాటం. ముప్ఫై ఏళ్లు ఆఫీసులో ఫైళ్లు నడిపిన మనిషికి చిన్న రీచార్జి కోసం బతిమాలుకోవడమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

పిన్ అంటే గుర్తొచ్చింది... 1972 ఆగస్టు 15న తపాలాశాఖ పిన్‌కోడ్ తెచ్చింది. మన తెలుగువాళ్లవన్నీ అయిదుతో మొదలయ్యే ఆరంకెలు. ఆ పిన్ ఎంతమందికి చెబితే అంత మంచిది, ఉత్తరం తొందరగా వస్తుంది. ఈ పిన్ ఒక్కరికి చెప్పినా ప్రమాదమే. ఒకే పేరున్న రెండు అంకెల మధ్య పెద్దల తరం తికమకపడటంలో వింతేముంది? పదిమందికీ చెప్పి బతకడం అలవాటైన తరానికి, దాచుకుని బతకడం కొత్త చదువే.

ప్రభుత్వ సేవలదీ అదే దారి. కరెంటు బిల్లుకు లైన్లో నిలబడే బాధ తప్పిస్తూ 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ కేంద్రాలు, 2011లో మీ-సేవ వచ్చాయి. కౌంటరు వెనక మనిషి ఉండేవాడు కాబట్టి పెద్దలకు ఇబ్బంది లేకపోయింది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. కాలు కదపక్కర్లేదు, నిజమే. వాట్సాప్ వాడటం వచ్చినవాళ్లకు!

ఎవరూ లేని ఇంట్లో...

మనవడు పక్కనుంటే సరే. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో ఉంటే? తెలుగు రాష్ట్రాల్లో ముసలి దంపతులిద్దరే మిగిలిన ఇళ్లు వీధికొకటైనా కనిపిస్తాయి. అలాంటి ఇంట్లో ఫోను మోగుతుంది. అవతల పోలీసు యూనిఫాంలో మనిషి. ‘మీ పేరిట వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికింది. మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం. వీడియో కట్ చేయొద్దు, ఎవరికీ చెప్పొద్దు’ అంటాడు. జీవితంలో పోలీస్‌స్టేషన్ మెట్లెక్కని మనిషికి కాళ్లూచేతులూ ఆడవు. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ము గంటల్లో ఎవరి ఖాతాలోకో వెళ్లిపోతుంది.

ఇందులో పడుతున్నవాళ్లు అమాయకులేం కాదు. డాక్టర్లు, ప్రొఫెసర్లు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లూ ఉన్నారు. డిజిటల్ అరెస్టన్నది చట్టంలోనే లేదని 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని చెప్పాల్సి వచ్చిందంటే ఈ బెడద ఎంత ముదిరిందో అర్థమవుతుంది.

మోసగాడి అసలు బలం ఏమిటో గమనించారా? ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్న ఆ ఒక్క మాట. అరుగు మీద ఉత్తరం చదివే రోజుల్లో అబద్ధం నిలబడటం కష్టం. పదిమందిలో ఒకరైనా ‘అదేంటి, అలా ఎందుకుంటుంది?’ అనేవారు. వేలిముద్రకు కూడా పక్కన సాక్షి ఉండేవాడు. ఆ పద్ధతిలో గుట్టు ఉండేది కాదు, పైగా పరువు సమస్య. అయినా తోడుండేది. మన మాట మనదే కావాలనుకున్నాం, సాధించుకున్నాం. దాంతోపాటే సాక్షి కూడా పోయాడు.

మళ్లీ నోటిమాటే

కొత్త తరం ఫోను పెద్దలకు ఇచ్చిందీ తక్కువేం కాదు. వాట్సాప్‌లో 2013లో వాయిస్ మెసేజ్ వచ్చింది. 2017లో గూగుల్ తెలుగు మాటను అక్షరాలుగా మార్చడం మొదలుపెట్టింది. రాయడం రాని ఆమెకు రాసే మనిషితో పనిలేదు, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు మొహం చూడ్డానికి ఒకప్పుడు రెండేళ్లు ఆగాలి. ఇప్పుడు రోజూ డ్యూటీ దిగాక ఏం తిన్నాడో గిన్నెతో సహా చూపిస్తున్నాడు. మోకాళ్ల నొప్పులతో గుడికి వెళ్లలేని నానమ్మ యూట్యూబ్‌లో ప్రవచనం పెట్టించుకుంటోంది.

పింఛనుదారులు ‘బతికే ఉన్నాను’ అని చెప్పడానికి ఏటా నవంబరులో బ్యాంకు మెట్లెక్కాల్సి వచ్చేది. 2014లో జీవన్ ప్రమాణ్ పేరుతో డిజిటల్ పత్రం వచ్చింది. పొలం పనులతో, అంట్లతో వేలిగీతలు అరిగిపోయినవాళ్లకు మెషీన్ వేలిముద్ర తీసుకోక ఇబ్బందయ్యేది. 2021 నుంచి ఫోనుకు మొహం చూపించినా సరిపోతోంది.

అన్నట్టు, పోస్ట్‌మ్యాన్ కూడా తిరిగొచ్చాడు! 2015లో పాతపద్ధతి మనియార్డరు ఆగిపోయింది. 2018లో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ మొదలయ్యాక అదే పోస్ట్‌మ్యాన్ చిన్న మెషీన్ పట్టుకుని గుమ్మంలోకి వస్తున్నాడు. ఆధార్, వేలిముద్రలతో ఖాతాలోని డబ్బు తీసి చేతికిస్తాడు, పింఛనుదారుకు జీవన ప్రమాణపత్రమూ చేసిపెడతాడు. డెబ్భై దాటినవాళ్లకు ఇంటి దగ్గరే సేవలందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. అడిగి చేయించుకునేవాళ్లే తక్కువ.

లాక్కోకండి... నేర్పండి

‘మా నాన్నకు ఎన్నిసార్లు చెప్పినా రాదండీ’ అనేవాళ్లు ఒక్క సంగతి చూసుకోవాలి. చెప్పారా, చేసిపెట్టారా? రెండింటికీ చాలా తేడా ఉంది. ఫోను పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, నొక్కే వేలూ వాళ్లదే కావాలి. పక్కన కూర్చుని చెప్పడం వరకే పిల్లల వంతు. రోజుకొక్క పని చాలు. అది నాలుగుసార్లు సొంతంగా చేశాకే రెండోది.

ఇంకొన్ని చిట్కాలూ ఉన్నాయి...

• సెట్టింగ్స్‌లో భాష తెలుగుకు మార్చి, అక్షరాల సైజు పెంచితే సగం భయం అక్కడే పోతుంది.

• ఏ పనికి ఏ బొమ్మ నొక్కాలో వరసగా నోటు పుస్తకంలో వాళ్ల చేతే రాయించాలి. పిన్, పాస్‌వర్డ్ మాత్రం అందులో ఉండకూడదు.

• దాచుకున్న సొమ్మున్న ఖాతాకు యూపీఐ కలపొద్దు. నెలఖర్చుకు సరిపడా డబ్బుతో వేరే చిన్న ఖాతా తెరిచి దానికి కలిపితే, పొరపాటు జరిగినా నష్టం కొంతలోనే ఆగుతుంది.

• స్మార్ట్‌ఫోను వద్దనుకునే పెద్దలకు బటన్ ఫోనుతోనూ యూపీఐ చెల్లింపులు చేసే వీలు 2022 మార్చి నుంచి ఉంది.

• ‘ఎవరికీ చెప్పొద్దు’ అని ఎవరన్నా సరే, వెంటనే పిల్లల్లో ఒకరికి చెప్పాలన్నది ఇంటి నియమం కావాలి. వేళకాని వేళ ఫోను చేసినా విసుక్కోమని పిల్లలూ మాటివ్వాలి.

• మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని దాచుకుంటే డబ్బు దక్కే దారి మూసుకుపోతుంది.

• పిల్లలు దూరంగా ఉంటే వీధిలోని డిగ్రీ కుర్రాడినో, అపార్ట్‌మెంట్ సంఘాన్నో ఆదివారం ఓ గంట అడగొచ్చు. ఒకప్పుడు అరుగు చేసిన పని అదే కదా!

అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి, మనవడి వేలు పట్టుకుని ‘ఓనమాలు’ దిద్దించింది ఈ పెద్దవాళ్లే. వంకరగా వచ్చిందని పళ్లెం లాక్కోలేదు. వాడికి చెయ్యి తిరిగేదాకా, ఎన్ని నెలలు పట్టినా, మళ్లీ మళ్లీ దిద్దించారు. ఇప్పుడు వేలు పట్టుకోవాల్సిన వంతు వాడిది. ఈ ఆదివారం ఒక్క అరగంట కూర్చుని, వాళ్ల పిన్‌ను వాళ్లచేతే మార్పించండి. కొత్తది ఏమిటో మీరు మాత్రం చూడకండి.